తడవని బూటు త్వరగా ఆరదు

డిసెంబర్‌లో కేదార్‌కంఠ ట్రెక్ కోసం హైదరాబాద్‌లో ఒకరు వాటర్‌ప్రూఫ్ బూట్లు కొన్నారనుకుందాం. ఉత్తరాఖండ్‌లో 12,500 అడుగుల ఎత్తు దాకా మంచులో నడిచినా మేజోళ్లు తడవలేదు. పెట్టిన డబ్బు దండగ కాలేదని సంతోషపడి, మరుసటి ఆగస్టులో అవే బూట్లతో తిరుపతి జిల్లా నాగలాపురం కొండల్లోకి వెళ్లారు. అక్కడ దారి అంటే వాగే. మొదటి గుండం దాటేసరికి నీళ్లు పైనుంచి బూట్లోకి దిగాయి. దిగినవి మళ్లీ బయటికి రాలేదు. సాయంత్రం దాకా కాలికో చెంబు కట్టుకుని నడిచినట్టే అయింది. బూట్లు విప్పేసరికి అరికాళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, మడమ దగ్గర తోలు లేచిపోయింది.

బూట్లలో లోపమేమీ లేదు. రెండు చోట్లా అవి చేసిన పని ఒక్కటే, నీటిని గోడ దాటనివ్వకపోవడం. మంచులో నీళ్లు గోడకు బయట ఉన్నాయి, వాగులో లోపలికి వచ్చాయి.

ట్రెక్కింగ్ బూట్లు కొనేవాళ్లు దుకాణంలో సాధారణంగా మూడు అడుగుతారు. తేలిగ్గా ఉండాలి, నీళ్లు పట్టకూడదు, రాళ్లలో కాలు నిలవాలి. ఈ మూడూ ఒకదాని వాటా ఒకటి లాక్కునేవే. నీళ్లు ఆపాలంటే పొరలు పెరగాలి, పొరలు పెరిగితే బరువు, ఉక్క రెండూ పెరుగుతాయి. రాళ్లలో నిలవాలంటే అడుగుభాగం మందంగా, బిరుసుగా ఉండాలి, అది కూడా బరువే. తేలిక కావాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. మూడింట్లోనూ పూర్తి మార్కులు తెచ్చుకున్న బూటు ఇంతవరకూ రాలేదు. అందుకే ‘ఏది బెస్ట్?’ అని అడిగితే జవాబు దొరకదు. వెళ్లే దారిలో నీళ్లు ఎటునుంచి వస్తాయి, వచ్చాక ఎటు పోతాయి అని అడిగితే మాత్రం సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

పొర చేసే పని, చేయలేని పని

వాటర్‌ప్రూఫ్ బూటు లోపల కనపడని మేజోడు లాంటిది ఒకటి ఉంటుంది. పైన కనిపించే తోలుకో బట్టకో, లోపలి మెత్తటి లైనింగ్‌కూ మధ్య సన్నటి పొరను మేజోడు ఆకారంలో అతికించి, కుట్ల మీద టేపు వేస్తారు. దీన్నే మెంబ్రేన్ అంటారు. వీటిలో అందరికీ తెలిసిన పేరు గోర్‌టెక్స్. దాని పుట్టుక 1969లో జరిగింది. అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ కడ్డీలను వేడిచేసి మెల్లగా సాగదీయాలని చూస్తుంటే అవి తెగిపోతూ వచ్చాయి. విసుగొచ్చి ఒక్కసారిగా గుంజితే తెగకుండా చాలా రెట్లు సాగింది. అలా సాగిన పదార్థం నిండా సూక్ష్మమైన రంధ్రాలు ఏర్పడ్డాయి. చదరపు అంగుళానికి సుమారు 900 కోట్ల రంధ్రాలు ఉంటాయనీ, ఒక్కో రంధ్రం నీటి బొట్టు కంటే 20 వేల రెట్లు చిన్నదనీ, నీటి ఆవిరి అణువు కంటే 700 రెట్లు పెద్దదనీ కంపెనీ చెప్పే లెక్క. బొట్టు లోపలికి రాలేదు, చెమట ఆవిరి బయటికి పోగలదు. కాగితం మీద అద్భుతం.

కానీ ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపలి ఆవిరి పీడనం బయటికంటే ఎక్కువగా ఉంటేనే పోతుంది, ఆ తేడా ఎంత ఉంటే అంత వేగంగా పోతుంది. చిన్న లెక్క వేసి చూద్దాం. 35 డిగ్రీల వేడిలో, చెమటతో నిండిన బూటు లోపల ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్‌లు. బయట సున్నా డిగ్రీల చలి, 60 శాతం తేమ ఉంటే అక్కడి పీడనం 0.4 కూడా ఉండదు. తేడా 5 పైనే. చలికి పాదం కొంత చల్లబడినా తేడా పెద్దగానే మిగులుతుంది. ఇప్పుడు వానాకాలపు మారేడుమిల్లి అడవికి వద్దాం. 30 డిగ్రీలు, 90 శాతం తేమ అనుకుంటే బయటి గాలిలోనే 3.8 ఉంటుంది, మిగిలే తేడా 1.8. ఆవిరిని బయటికి తోసే బలం హిమాలయాల్లో ఉన్నదానిలో మూడో వంతుకు పడిపోయింది. పైగా రెండు పాదాల్లో కలిపి దాదాపు రెండున్నర లక్షల స్వేద గ్రంథులు ఉంటాయి. కొండ ఎక్కేటప్పుడు అవి ఊరుకోవు. బయటి వాన చుక్క లోపలికి రాకపోయినా, మధ్యాహ్నానికి మేజోళ్లు పిండితే నీళ్లు కారడానికి కారణం ఇదే. చాలామంది దాన్ని లీకేజీ అనుకుని బూట్లు పాడయ్యాయంటారు. లీకైంది మాత్రం సొంత చెమటే.

జాకెట్‌కు ఉన్న వెసులుబాటు కూడా బూటుకు లేదు. జాకెట్ జిప్ తీసి గాలి ఆడించుకోవచ్చు. బూటుకు అడుగంతా రబ్బరు, ముందు వేళ్ల దగ్గర రాళ్లు తగలకుండా మరో రబ్బరు తొడుగు, మడమ దగ్గర గట్టి ప్లాస్టిక్ గిన్నె. ఆవిరి పోవడానికి మిగిలేది పైభాగంలో కొంచెం చోటే. ఆ చోటు కూడా తడిసి నీరు పట్టేసిందంటే మెంబ్రేన్ నీటిని ఆపుతున్నా ఆవిరికి దారి మూసుకుపోతుంది. అందుకే పైబట్ట మీద నీటి బొట్లు జారిపోయేలా ఒక పూత వేస్తారు. కొత్త బూటు మీద నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్లలా దొర్లేది ఈ పూత వల్లే. బురదకూ రాపిడికీ ఇది కొన్ని నెలల్లో పోతుంది, మళ్లీ స్ప్రేనో మైనమో పట్టించాలి.

ఈ పూతల విషయంలో కొన్నేళ్లుగా ఒక మార్పు వస్తోంది. పాతవాటిలో ఫ్లోరిన్ ఆధారిత పీఫాస్ రసాయనాలు ఉండేవి. అవి మట్టిలో, నీళ్లలో ఏళ్ల తరబడి విరగకుండా పోగవుతాయని తేలడంతో కంపెనీలు ఒక్కొక్కటిగా మానేస్తున్నాయి. గోర్ సంస్థ కూడా 2022 నుంచి పాలిథిలీన్‌తో చేసిన కొత్త మెంబ్రేన్‌ను తెచ్చింది. మంచిదే. అయితే ఫ్లోరిన్ లేని పూతకు నూనెను, జిడ్డును వికర్షించే గుణం లేదు. త్వరగా మాసిపోతుంది, మాసిన చోట నీళ్లు పట్టేస్తాయి. పదేళ్ల కిందటి బూటును చూసుకున్నంత నిర్లక్ష్యంగా ఇప్పటి బూటును చూసుకుంటే కుదరదు. ట్రెక్ నుంచి రాగానే బురద కడగాలి, ఏడాదికి రెండుసార్లయినా పూత వేసుకోవాలి.

మెంబ్రేన్‌కు ఆయుష్షు కూడా తక్కువే. నడిచేటప్పుడు వేళ్ల మడత దగ్గర బూటు రోజుకు వేలసార్లు వంగుతుంది. లోపల చేరిన ఇసుక రేణువు, కత్తిరించని గోరు రెండూ ఆ పొరను లోపలినుంచే గీకుతాయి. కన్నం పడితే అతికించడానికి వీలుండదు. మన ఊళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. కొత్త షూ కొనగానే సోల్ ఊడకుండా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర చుట్టూ కుట్టు వేయించడం చాలామందికి అలవాటు. మామూలు స్పోర్ట్స్ షూకు అది మంచి ఆలోచనే. వాటర్‌ప్రూఫ్ బూటుకు ఆ కుట్టు వేయిస్తే సూది దిగిన ప్రతిచోటా మెంబ్రేన్‌కు చిల్లు పడే అవకాశం ఉంది. యాభై రూపాయల కుట్టుతో వేల రూపాయల పొర పనికిరాకుండా పోతుంది.

మరి నీళ్లు పైనుంచి వస్తే? దానికి మెంబ్రేన్ దగ్గర సమాధానం లేదు. బూటు ఎత్తు ఎంతో రక్షణ అంత. చీలమండ దాకా ఉండే బూటుకు లేసుల కింది నాలుక రెండు పక్కలా ఎంత పైదాకా కుట్టి ఉందో చూడాలి. చాలావాటిలో అది సగం దాకానే ఉంటుంది, అక్కడికి నీళ్లు చేరితే లోపలికి దారి దొరికినట్టే. మంచులోనైతే పిక్కల దాకా కట్టుకునే గైటర్లు ఈ లోటు తీరుస్తాయి. మోకాలి లోతు వాగులో గైటర్లు కూడా ఏమీ చేయలేవు.

అడవుల్లో యుద్ధం చేసిన సైన్యాలు ఈ పాఠాన్ని ముందే నేర్చుకున్నాయి. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులు వేసుకున్న జంగిల్ బూటు పైభాగం చాలావరకు బట్ట. అరికాలి వంపు దగ్గర, సోల్‌కు కాస్త పైన, జల్లెడ బిగించిన చిన్న లోహపు కన్నాలు ఉండేవి. వరిమళ్లలో, బురదలో నీళ్లు ఎలాగూ లోపలికి వస్తాయి, ఆపడానికి ప్రయత్నించకుండా వచ్చినవాటిని బయటికి పంపాలన్నది ఆ డిజైన్ వెనక ఆలోచన. ఒక్కో అడుగుకు కొన్ని నీళ్లు ఆ కన్నాల్లోంచి చిమ్ముకుంటూ బయటికి పోయేవి. వేడి, తడి కలిసిన చోట నడిచేవాళ్లకు ఇంతకంటే మంచి సలహా ఇప్పటికీ లేదు.

మన దారులకు దీన్ని అన్వయించుకుంటే ఎంపిక తేలికవుతుంది. చలికాలపు కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ లాంటి మంచు ట్రెక్‌లకు మెంబ్రేన్ ఉన్న ఎత్తు బూట్లు అవసరం. తడిసిన పాదం సున్నా కింది చలిలో మొద్దుబారిపోతుంది, అక్కడ తడి నిజంగా ప్రమాదం. కశ్మీర్ గ్రేట్ లేక్స్ లాంటి పచ్చికబయళ్లలో తెల్లవారుజాము మంచుబిందువులకు, చిత్తడి నేలకు కూడా ఇవి పనికొస్తాయి. హిమాచల్‌లోని హంప్తా పాస్ దారిలో షియాగోరు దగ్గర ఏరు దాటేటప్పుడు మాత్రం ఎంత ఖరీదైన బూటైనా విప్పి మెడలో వేసుకోవాల్సిందే. గడ్డకట్టిన జాంస్కార్ నది మీద చేసే చాదర్ ట్రెక్‌లో అయితే అందరి కాళ్లకూ గమ్‌బూట్లు కనిపిస్తాయి, గోర్‌టెక్స్ బ్యాగులో కూర్చుంటుంది.

నాగలాపురం, తలకోన, వానాకాలపు పడమటి కనుమలు, మేఘాలయలో నోంగ్రియాట్ మెట్లు, వీటన్నిటికీ మెంబ్రేన్ లేని వలబట్ట షూ మేలు. తడుస్తుంది, నడుస్తుంటే నీళ్లు చిమ్ముతాయి, ఎండ తగిలితే పూటలో ఆరుతుంది. మెంబ్రేన్ బూటు లోపలినుంచి తడిస్తే ఆరడానికి వానాకాలంలో రెండు రోజులు కూడా చాలవు. క్యాంపులో చలిమంట పక్కన పెట్టి ఆరబెట్టబోతే సోల్ జిగురు కరిగి ఇంకో కథ మొదలవుతుంది. లోపల పాత పేపర్లు కుక్కి, రెండు గంటలకోసారి మార్చడమే మార్గం. ఇక జలగల సంగతికొస్తే, వాటికి మెంబ్రేన్ ఉందా లేదా అన్నది పట్టదు. అవి బూటు ఎక్కి పైనుంచి వస్తాయి. దగ్గరగా నేసిన పొడవాటి జలగ మేజోళ్లు వేరే కొనుక్కోవాలి.

వేసవిలో నల్లమల, శేషాచలం, రాచకొండ గుట్టలు? నీళ్లే లేని చోట వాటర్‌ప్రూఫ్‌కు డబ్బు పెట్టడం ఏప్రిల్‌లో రెయిన్‌కోటు వేసుకుని తిరగడమే. అమెరికాలో ఉండే తెలుగువాళ్లకూ ఇదే లెక్క. సియాటిల్ చుట్టుపక్కల ఎడతెగని చల్లటి జల్లుల్లో మెంబ్రేన్ బూటు నిజంగా ఆదుకుంటుంది. అదే బూటుతో జూన్‌లో గ్రాండ్ కాన్యన్‌లోకి దిగితే పాదాలు ఉడికిపోతాయి.

కాలి మీది బరువు

బూటు బరువు గురించి ట్రెక్కర్లలో ఒక పాత లెక్క ఉంది: కాలి మీద ఒక పౌను, వీపు మీద ఐదు పౌన్లతో సమానం. ఇది ఉత్త మాట కాదు. 1969లో అమెరికా సైన్యం కోసం పనిచేసే పరిశోధకులు సూల్, గోల్డ్‌మన్ బరువును తల మీద, చేతుల్లో, పాదాలకు కట్టి కొలిచారు. పాదాలకు కట్టిన బరువును మోయడానికి, అదే బరువు శరీరంలో భాగమై ఉంటే అయ్యేదానికి నాలుగు నుంచి ఆరు రెట్ల శక్తి ఖర్చవుతుందని తేలింది. తర్వాతి అధ్యయనాల్లో పాదరక్షల బరువు 100 గ్రాములు పెరిగితే నడకలో వాడే ఆక్సిజన్ 0.7 నుంచి 1 శాతం దాకా పెరుగుతుందని తేల్చారు. కారణం ఊహించవచ్చు. వీపు మీది సంచి నడుస్తున్నంతసేపూ కాస్త పైకీ కిందికీ ఊగుతుంది, అంతే. పాదం మాత్రం ప్రతి అడుగుకూ పైకి లేచి, వేగం పుంజుకుని, ముందుకు వెళ్లి ఆగాలి. 

రోజుకు 15 కిలోమీటర్లు నడిస్తే సుమారు 20 వేల అడుగులు, అంటే ఒక్కో కాలు 10 వేలసార్లు లేస్తుంది. ఒక్కో బూటులో 300 గ్రాముల తేడా ఉందనుకుంటే సాయంత్రానికి ఒక్కో కాలు అదనంగా మూడు టన్నులు ఎత్తినట్టు. వలబట్ట ట్రెయిల్ షూ ఒక్కోటి 300 గ్రాముల అటూ ఇటూ ఉంటుంది, మెంబ్రేన్ ఉన్న చీలమండ బూటు 450 నుంచి 550, నిండు తోలు బూటు 700 పైమాటే. ఈ తేడా తుంటి కండరాలకు నాలుగో రోజున బాగా తెలుస్తుంది. 

1955లో ఎమా గేట్‌వుడ్ అనే అమెరికన్ బామ్మ 67 ఏళ్ల వయసులో మూడు వేల కిలోమీటర్లకు పైగా ఉండే అపలాచియన్ ట్రెయిల్‌ను మామూలు కెడ్స్ బట్ట షూలతో ఒంటరిగా నడిచి పూర్తిచేశారు. తేలిక షూల వాదులు ఆమె పేరు చెప్పకుండా మాట ముగించరు. ఆమె మోసింది ఒక చిన్న గుడ్డ సంచి, కాబట్టి ఆ కథను 15 కిలోల బ్యాగు మోసేవాళ్లు అలాగే తీసుకోకూడదు. ఒక్కటి మాత్రం నిజం. వీపు మీద ఎంత తక్కువ ఉంటే, కాలికి అంత తక్కువ బూటు సరిపోతుంది. బ్యాగును గుర్రానికో కంచరగాడిదకో అప్పగించి నడిచేవాళ్లు ట్యాంకుల్లాంటి బూట్లు కొనడంలో అర్థం లేదు.

తేలిక ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. తోలుకు బదులు సింథటిక్ బట్ట వాడి తగ్గించారంటే ఫర్వాలేదు. పైగా తోలు ఒకసారి నానితే నీటిని పీల్చుకుని బాగా బరువెక్కుతుంది, దుకాణంలో చెప్పేది పొడి బరువే. అడుగు రబ్బరును పలచగా చేసి తగ్గించారంటే ఒక సీజన్‌లోనే అరిగిపోతుంది. మధ్యలో ఉండే గట్టి పలక తీసేసి తగ్గించారంటే మొన తేలిన ప్రతి రాయీ అరికాలికి చెబుతుంది, గులకరాళ్ల వాగులో గంట నడిచేసరికి అరికాళ్లు కమిలిపోతాయి. ఇంకో తిరకాసు ఏమిటంటే, పెట్టె మీద రాసిన బరువు కొందరు ఒక్క బూటుకు చెబుతారు, కొందరు జతకు చెబుతారు, అదీ ఏదో ఒక మధ్యరకం సైజుకు. పదో నంబరు కాళ్లున్నవాళ్లు దాన్ని నమ్ముకోకుండా తూకం వేయించుకోవడం మంచిది. 

రాయి, రబ్బరు

కొండ బూటు సోల్ వెనక ఒక విషాదం ఉంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో పుంటా రాసికా శిఖరానికి ఒక బృందం వెళ్లింది. ఆ రోజుల్లో కొండ దాకా నడవడానికి అడుగున ఇనుప మేకులు కొట్టిన బరువైన తోలు బూట్లు వేసుకునేవాళ్లు. రాతిగోడ ఎక్కేటప్పుడు మేకులు జారతాయి కాబట్టి వాటిని కిందే వదిలి పలచటి షూలతో పైకి పోయేవాళ్లు. పైన ఉండగా వాతావరణం తిరగబడింది. పొగమంచు, గాలివాన, ఆపైన చలి. మంచు పట్టిన రాతి మీద ఆ షూలతో కిందికి దిగలేక ఆరుగురు చనిపోయారు. ఆ యాత్రలో ఉన్న మిలాన్ పర్వతారోహకుడు విటాలే బ్రమానీ రెండు పనులూ చేసే ఒకే బూటు కోసం వెతికి, పిరెల్లీ టైర్ల కంపెనీ ఆర్థిక సాయంతో 1937లో రబ్బరు సోల్ తెచ్చారు. తన పేరులోంచి రెండు ముక్కలు కలిపి దానికి విబ్రమ్ అని పేరుపెట్టారు. లోతైన గాళ్లతో యుద్ధ ట్యాంకు చక్రపట్టీలా కనిపించే ఆ నమూనానే ఇవాళ దాదాపు అన్ని ట్రెకింగ్ బూట్ల కిందా ఏదో ఒక రూపంలో ఉంది. 1954లో కె2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇటాలియన్ల కాళ్లకు ఉన్నదీ అదే.

ఇప్పటి సోళ్లలో చూడాల్సినవి గాళ్ల లోతు, రబ్బరు మెత్తదనం. నాలుగైదు మిల్లీమీటర్ల లోతు గాళ్లు, వాటి మధ్య బురద ఇరుక్కోకుండా రాలిపోయేంత ఎడం ఉంటే మట్టి దారిలో, రాలుడు గులకలో పట్టు దొరుకుతుంది. బండ మీద మాత్రం గాళ్లు పెద్దగా ఉపయోగపడవు, అక్కడ పనిచేసేది రబ్బరు స్వభావమే. మెత్తటి రబ్బరు రాతి గరుకులోకి ఒదిగి పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టిది ఎక్కువ కాలం వస్తుంది, తడి బండ మీద జారుతుంది. రెండూ కావాలంటే కుదరదు, కుదిరిందని చెప్పే ప్రకటనల్ని కాస్త అనుమానంగా చూడాలి.

మన ప్రాంతపు రాళ్లలోనూ తేడా ఉంది. తెలంగాణ గుట్టల గ్రానైట్ గరుకు గరుకుగా ఉంటుంది, పొడిగా ఉన్నంతసేపు మామూలు షూ కూడా నిలుస్తుంది. శేషాచలం, నల్లమలల్లో ఎక్కువగా కనిపించే క్వార్ట్‌జైట్ వేరు. వాగుల్లో నీళ్ల ఒరిపిడికి అద్దంలా నునుపుదేలి ఉంటుంది, దాని మీద పాచి చేరిందంటే విబ్రమ్ అయినా ఇంకేదైనా ఒకటే. అక్కడ పనికొచ్చేవి చేతికర్ర, చూసి వేసే అడుగు.

బిరుసు ఎంత ఉందో దుకాణంలోనే పరీక్షించవచ్చు. బూటు మడమను ఒక చేత్తో, ముందుభాగాన్ని ఇంకో చేత్తో పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టాలి. సులువుగా మెలితిరిగితే రాళ్ల దారికి పనికిరాదు. ముందుకు వంచినప్పుడు వేళ్ల మడత దగ్గర వంగాలి, నడుమ విరిగినట్టు వంగకూడదు. మంచులో జారకుండా షూ కింద బిగించే ముళ్ల గొలుసులు, అంటే మైక్రోస్పైక్స్ తగిలించుకోవాల్సి వస్తే ఈ బిరుసు ఇంకా ముఖ్యం. మరీ మెత్తటి షూకు అవి వేస్తే గొలుసులు అరికాలికి ఒత్తుకుంటాయి, రబ్బరు పట్టీ వేళ్లను నొక్కేస్తుంది.

చీలమండ ఎత్తు గురించి అందరూ అనుకునేది, ఎత్తు బూటు వేస్తే కాలు మెలితిరగదని. దీనికి ఆధారం అనుకున్నంత గట్టిగా లేదు. 1993లో అమెరికాలో 622 మంది కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు ఎత్తు షూలు, పొట్టి షూలు ఇచ్చి చూస్తే బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆట మైదానం వేరు, కొండదారి వేరు అని వాదించవచ్చు, అది సబబే. కానీ మెత్తటి బట్టతో రెండంగుళాలు పైకి లేపిన బూటు మొత్తం శరీరం బరువును మెలిపడకుండా ఆపుతుందని ఆశించడం అత్యాశ. ఎత్తు బూటుతో అసలు లాభం వేరే చోట ఉంది. గులకరాళ్లు, ముళ్లు, మంచు లోపలికి పడవు. చీలమండ ఎముకకు రాయి కొట్టుకోదు. నల్లమలలో సలేశ్వరం జాతరకు ఏటా జనం రబ్బరు చెప్పులతో, కొందరు ఉత్తకాళ్లతో లోయలోకి దిగి వస్తారు. పాదానికి అలవాటైన బలం ఎంత అన్నది బూటు ఎత్తు కంటే పెద్ద విషయమని ఒప్పుకోవడానికి ట్రెకింగ్ మార్కెట్‌కు పెద్దగా ఆసక్తి లేదు.

మన పాదం, వాళ్ల అచ్చు

పైన చెప్పినవన్నీ సరిగ్గా ఉన్నా బూటు కాలికి కుదరకపోతే అంతా వృథా. ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బూటును ఒక పాదం ఆకారపు అచ్చు మీద కుడతారు. విదేశీ బ్రాండ్లు ఎక్కువగా యూరప్, అమెరికా పాదాలను బట్టి అచ్చు చేస్తాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలను కొలిచింది. భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వాళ్లవాటికంటే సాధారణంగా వెడల్పుగా ఉంటాయని అందులో తేలింది. మనం ఇప్పటికీ వాడుతున్నవి బ్రిటిష్‌వాళ్లు వదిలివెళ్లిన యూకే సైజులు. వాటికి బదులు ‘భ’ పేరుతో దేశీ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు.

వెడల్పు చాలని బూటును మనవాళ్లు ఎలా సర్దుకుంటారంటే, ఒక సైజు పెద్దది తీసుకుంటారు. వెడల్పు సరిపోతుంది, పొడవు ఎక్కువైపోతుంది. దిగుడులో పాదం ముందుకు జారి బొటనవేలు బూటు గోడకు కొట్టుకుంటుంది, ఎక్కుడులో మడమ లేచి బొబ్బలెక్కుతుంది. మూడో రోజుకు గోరు నల్లబడుతుంది. ట్రెక్ ముగిసిన నెలకు ఊడిపోయే బొటనవేలి గోళ్లలో చాలావాటి కథ ఇదే. వెడల్పు అచ్చుతో చేసే బ్రాండ్లు, మోడళ్లు ఉన్నాయి, పెట్టె మీద వైడ్ అని రాసి ఉంటుంది. దొరక్కపోతే ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద కాలు పెట్టి చూడాలి. చిటికెనవేలు అంచు దాటి కిందికి జారుతుంటే ఆ బూటు ఎంత డిస్కౌంట్‌లో ఉన్నా వదిలేయాలి.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకునేవాళ్లకు టెన్షన్ ఇంకాస్త ఎక్కువ. మగవాళ్ల అమెరికా సైజుకూ యూకే సైజుకూ సాధారణంగా ఒక అంకె తేడా, కొన్ని కంపెనీల్లో అర అంకే. నంబరుకు బదులు పాదం పొడవును సెంటీమీటర్లలో కొలిచి పంపితే పొరపాటు తగ్గుతుంది. కొలత సాయంత్రం తీసుకోవాలి, రోజంతా తిరిగిన పాదం ఉదయం కంటే కొంచెం ఉబ్బి ఉంటుంది. ట్రెక్‌లో వేసుకునే మందపాటి మేజోళ్లతోనే బూటు వేసుకుని చూడాలి. ఆ మేజోళ్లు ఉన్నివో సింథటిక్‌వో అయితే మంచిది, నూలువి తడి పట్టుకుని వదలవు, నానిన చర్మం రాపిడికి తేలిగ్గా లేస్తుంది. వేళ్ల ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. దుకాణంలో వాలు పలక ఉంటే దాని మీద, లేకపోతే మెట్ల మీద దిగి చూడాలి. సేల్స్‌మన్ చిరాకు పడితే పడనివ్వండి.

చివరగా అటక సంగతి. మనలో చాలామంది బూట్లు ఒక ట్రెక్ కోసం కొంటారు, తర్వాత పెట్టెలో పెట్టి అటకెక్కిస్తారు. రెండు మూడేళ్ల తర్వాత దించి, దుమ్ము దులిపి, నేరుగా కొండకు తీసుకెళ్తారు. బూటు మధ్యపొర పాలియురెథేన్ నురుగుతో చేసిందైతే గాలిలోని తేమే దాన్ని లోపల్నుంచి విరగ్గొడుతూ ఉంటుంది. వాడినా వాడకపోయినా కొన్నేళ్లకు అది పొడిపొడిగా రాలిపోతుంది. చూడటానికి కొత్తదానిలా మెరుస్తున్న బూటు రెండు గంటలు నడిచేసరికి సోల్‌ను దారిలో వదిలేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఈవీఏ అనే మరో రకం నురుగు ఇలా రాలదు, దాని జబ్బు వేరు, నొక్కుకుపోయి మెత్తదనం పోగొట్టుకుంటుంది. భారీ డిస్కౌంట్‌లో దొరికే పాత స్టాకు కొనేముందు నాలుక వెనక లేబుల్ మీద తయారీ తేదీ చూడటం అందుకే. ఇంట్లో ఉన్నవాటినైతే ప్రయాణానికి మూడు వారాల ముందే అటక మీంచి దించి, బ్యాగులో నీళ్ల సీసాలు వేసుకుని కాలనీ చుట్టూ రోజూ గంటసేపు నడవాలి. సోల్‌కు ఊడే ఉద్దేశం ఉంటే పాలప్యాకెట్ల దుకాణం ముందే ఊడుతుంది. అక్కడినుంచి ఇంటికి చెప్పుల్లేకుండా రావచ్చు, కేదార్‌కంఠ ట్రెక్ మొదలయ్యే సాంక్రి ఊరి పైన మంచులోంచి రాలేం.